దేవుడు చూడకపోయినా నిజమే చెప్పాలా?





ఇంట్లో పాత పటాలు తీసేసి బుద్ధుడి పటం, బాబాసాహెబ్ పటం పెట్టుకున్న రోజు నుంచి ఒక ప్రశ్న మీ వెంటే నడుస్తోంది. చుట్టాలు అడుగుతారు, పక్కింటోళ్లు అడుగుతారు, అప్పిచ్చేవాళ్లూ అడుగుతారు. "దేవుడే లేడంటున్నవ్ గదా బిడ్డా, మరి నీ మాట ఎట్ల నమ్మాలె? ఒట్టు ఎవరి మీద పెడ్తవ్? పైన చూసేటోడు లేకపోతే మనిషి నిజమెందుకు చెప్తడు?"

ఇది నవ్వి ఊరుకునే ప్రశ్న కాదు. కోపం తెచ్చుకునే ప్రశ్న అంతకన్నా కాదు. నిజాయితీకి మతం ఆధారం కావాలా, లేక అది తనంతట తాను నిలబడుతుందా? దీనికి జవాబు తెలియకుండా పంచశీల పలికితే అది పెదవుల మీదే ఆగిపోతుంది. కాబట్టి ఈసారి ఈ ఒక్క విషయమే మాట్లాడుకుందాం.

మన ఊరి సంగతి

డోర్నకల్లో ఈ ప్రశ్నకు బలం ఎక్కువ. పాత వరంగల్ జిల్లాలోని ఈ జంక్షన్ ఊరు రైళ్లతో పాటు చర్చికీ పేరు పొందింది. 1912 డిసెంబర్ 29న వి.ఎస్. అజరయ్య గారు కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొంది డోర్నకల్ పీఠానికి వచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. 1939 జనవరి 6న ఇక్కడి ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. ఈ చుట్టుపక్కల వేలాది మాల, మాదిగ కుటుంబాలు ఆ చర్చి నీడకు చేరాయి. మందు మానమని, పిల్లల్ని బడికి పంపమని, అబద్ధమాడొద్దని ఆ చర్చి చెప్పింది. ఊరు మన తాతలను మనుషులుగా చూడని రోజుల్లో వాళ్లను కూర్చోబెట్టి అక్షరం నేర్పింది. ఆ మేలును కాదంటే అదే ఒక అబద్ధం అవుతుంది.

కాబట్టి మతాలు నిజాయితీ నేర్పవని మనం అనడం లేదు. నేర్పుతాయి. మీ అమ్మమ్మ యేసు ప్రభువును తలచుకుని నిజం చెప్పి ఉండవచ్చు, మీ తాత సమ్మక్కకు భయపడి నిజం చెప్పి ఉండవచ్చు. ఆ నిజాలు నిజాలే. మన ప్రశ్న వేరు. దేవుణ్ణి పక్కన పెడితే నిజాయితీ కూలిపోతుందా?

భయం మీద నిలబెట్టిన నిజం

పైన చూసేవాడున్నాడని నిజం చెప్పే మనిషిని చూడండి. అతని నిజాయితీకి కాపలా బయట ఉంది. కాపలావాడితో బేరం కుదిరితే? ఏడాది పొడుగునా లంచం తిని, ఒక్క రోజు గుండు చేయించుకుని హుండీలో కొంత వేసి వచ్చినవాళ్లను మీరు చూశారు. పుష్కరాల్లో మునిగితే పాపం పోయిందనుకునేవాళ్లనూ చూశారు. ఆఫీసు గోడకు దండ వేసిన పటం ఉంటుంది, దాని కిందే టేబుల్ సొరుగు తెరుచుకుంటుంది. ఆ మనిషికి దేవుడి మీద నమ్మకం లేదని కాదు. ఉంది. కాకపోతే తప్పు చేసింది ఒక మనిషికి, క్షమాపణ అడిగేది ఇంకొకరిని. మధ్యలో మోసపోయిన మనిషి మాయమైపోయాడు.

అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది. నిజం ఎప్పుడు చెప్పాలో శాస్త్రమే నిర్ణయిస్తే, ఎప్పుడు చెప్పక్కర్లేదో కూడా శాస్త్రమే నిర్ణయిస్తుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం తీసి చూడండి. సాక్షిని ప్రశ్నించే తీరు అక్కడ వర్ణాన్ని బట్టి మారుతుంది. బ్రాహ్మణుణ్ణి ఊరికే చెప్పమని అడగాలి. శూద్రుణ్ణి మాత్రం సకల పాపాలూ చుట్టుకుంటాయని బెదిరించి అడగాలి. అదే అధ్యాయంలో తప్పుడు ఒట్టు వేసినా పాపం అంటని సందర్భాల జాబితా ఉంది. బ్రాహ్మణుడికి సాయపడటం కోసం వేసే ఒట్టు ఆ జాబితాలో ఒకటి. బాబాసాహెబ్ 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని ఎందుకు తగలబెట్టించారో దీన్ని బట్టి కూడా అర్థం చేసుకోవచ్చు. మతం పేరుతో నిజం నిలబడొచ్చు. మతం పేరుతోనే నిజం కులానికో రకంగా చీలిపోవచ్చు కూడా.

దేవుడు లేకుండా నిలబడినవాళ్లు

"సరే, దేవుణ్ణి వదిలేసినోళ్లు నిజాయితీగా బతికిన దాఖలా చూపించు" అంటారా? తెలుగు నేల మీదే ఉంది. గోరా అని మనం పిలుచుకునే గోపరాజు రామచంద్రరావు గారు 1902లో పుట్టారు. వృక్షశాస్త్ర అధ్యాపకుడు. దేవుడు లేడని బాహాటంగా చెప్పినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ఆయనా, సహచరి సరస్వతి గోరా గారూ కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది.

గోరా గారు గాంధీని కలిసి దేవుడి గురించి ముఖాముఖి వాదించారు. గాంధీతో మన బాబాసాహెబ్‌కు ఉన్న విభేదం మీకు తెలిసిందే, ఇప్పుడు దాంట్లోకి వెళ్లడం లేదు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. గోరా తన పెద్ద కూతురు మనోరమ గారిని అంటరానివాళ్లని ముద్ర వేసిన కులంలో పుట్టిన అర్జునరావు గారికి ఇచ్చి పెళ్లి చేయాలని నిశ్చయించారు. ఆ పెళ్లి తంతులో దేవుడి పేరు ఉండకూడదని, దాని బదులు సత్యం పేరు చెప్పాలని అడిగారు. గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. అయినా అన్న మాట ప్రకారం అదే ఏడాది మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిగింది.

ఆలోచించండి. దేవుడి గుమ్మంలో ప్రమాణాలు చేసి, కులం దగ్గరకు వచ్చేసరికి మాట తప్పినవాళ్లు ఎంతమంది! దేవుడు లేడన్న మనిషి కులం పోవాలని అన్నాడు, అన్నది తన ఇంట్లోనే చేశాడు. నోటి మాటకూ ఇంటి గడపకూ మధ్య తేడా లేకపోవడమే నిజాయితీ.

బుద్ధుడు కాలాములకు చెప్పింది

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. కోసల రాజ్యంలో కేసపుత్త అనే ఊళ్లో కాలాములనే జనం ఉండేవాళ్లు. వచ్చిన ప్రతి గురువూ తన మాటే సత్యమని, పక్కవాడిది తప్పని చెప్పిపోయేవాడు. విసిగిపోయి వాళ్లు బుద్ధుణ్ణి అడిగారు, ఎవరిని నమ్మాలని. పరంపరగా వచ్చిందని నమ్మవద్దు, గ్రంథంలో ఉందని నమ్మవద్దు, చెప్పినవాడు మా గురువని కూడా నమ్మవద్దు అన్నాడాయన. లోభం, ద్వేషం, మోహం పట్టిన మనిషి చంపుతాడా లేదా, దొంగిలిస్తాడా లేదా, అబద్ధమాడతాడా లేదా, దానివల్ల మేలా కీడా, మీరే చూసి చెప్పమన్నాడు.

అంతటితో ఆగలేదు. మనల్ని ఈరోజు అడుగుతున్న ప్రశ్నకు అక్కడే సూటిగా జవాబిచ్చాడు. పరలోకం ఉంటే, మంచిగా బతికినవాడికి అక్కడా మంచే జరుగుతుంది. పరలోకం లేకపోతే, ఎవరితో పగ లేకుండా, మనసులో రోత లేకుండా ఇక్కడే, ఈ జన్మలోనే సుఖంగా బతుకుతాడు. ఏ వైపు నుంచి చూసినా మంచిగా బతికినవాడికి నష్టం లేదు. స్వర్గం మీద పందెం కాయకుండానే శీలం నిలబడుతుందని బుద్ధుడు చెప్పిన చోటు ఇదే.

మరి శీలం దేని మీద నిలబడింది? ఎదుటి మనిషి మీద. గార్ల నుంచో, కురవి నుంచో రైతు మిర్చి బస్తాలు తెచ్చి కాంటా మీద పెడతాడు. తూకంలో రెండు కిలోలు కొట్టేస్తే నష్టపోయేది పైనున్న దేవుడు కాదు, ఆ రైతు. తప్పుడు తూకం, తప్పుడు లోహం, తప్పుడు కొలత ధమ్మ మార్గంలో ఉన్నవాడు వదిలేయాల్సిన పనులని పాలి సుత్తాల్లో పేరు పేరునా చెప్పి ఉంది. పొదుపు సంఘం పుస్తకంలో ఒక్క అక్క దొంగ లెక్క రాస్తే పది మంది అక్కల లోను ఆగిపోతుంది. అబద్ధం ఎందుకు తప్పో తెలియడానికి ఆకాశం వైపు చూడక్కర్లేదు, ఆ పది మంది ముఖాలు చూస్తే చాలు. ధమ్మంలో దేవుడి స్థానంలో శీలం ఉందని, మనిషి మనిషిని ప్రేమించవలసిన అవసరం నుంచే ఆ శీలం పుట్టిందని బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో వివరించారు.

అయితే నిజాయితీ ఒంటరిగా నిలబడుతుందా?

ఇక్కడ జాగ్రత్తగా వినండి. "దేవుడు అక్కర్లేదంటే ఏ కట్టుబాటూ అక్కర్లేదు, నా మనసుకు తోచిందే ధర్మం" అని కొందరు అనుకుంటారు. అది ధమ్మం కాదు.

దొంగల్లో కూడా నీతి ఉంటుందని బాబాసాహెబ్ గుర్తు చేశారు. దోచుకున్నది పంచుకునేటప్పుడు వాళ్లు ఒకరికొకరు నిజాయితీగానే ఉంటారు. వ్యాపారుల ముఠాకు నీతి ఉంటుంది, కులానికి నీతి ఉంటుంది. ఆ నీతి లోపలివాళ్లకు మాత్రమే, బయటివాళ్లకు వర్తించదు. కులమంటే సరిగ్గా ఇదే కదా! తన కులపోడికి మాట ఇస్తే ప్రాణమిచ్చేవాడు, మన వాడ మనిషి కూలి దగ్గరకు వచ్చేసరికి లెక్క తప్పు రాస్తాడు. అందుకే నీతి ఉంటే సరిపోదని, అది పవిత్రమూ కావాలి, అందరికీ ఒకటే కావాలని బాబాసాహెబ్ అన్నారు. పవిత్రం అంటే అవసరాన్ని బట్టి చెరపడానికి వీల్లేనిది. చట్టం ప్రతి గడపలోకీ రాలేదు, పోలీసు ప్రతి కాంటా పక్కనా నిలబడలేడు. మిగిలిన చోటంతా శీలమే కాపాడాలి. 1935 అక్టోబర్ 13న యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిన ఆయన, 21 ఏళ్లు వెతికి 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో ధమ్మ దీక్ష తీసుకున్నారు. దేవుడు లేకుండానే శీలాన్ని పవిత్రంగా నిలబెట్టే దారి ఆయనకు బుద్ధుడి దగ్గర కనబడింది.

ఈ మాట ముందు మనకే వర్తిస్తుంది. మాల వాడకు ఒక నిజం, మాదిగ వాడకు ఒక నిజం, లంబాడ తండాకు ఇంకో నిజం చెప్తే మనది కూడా ముఠా నీతే అవుతుంది. మెడలో నీలి కండువా ఉన్నంత మాత్రాన అది ధమ్మం అయిపోదు.

మరి దేవుడి భయం తీసేసిన చోట ధమ్మం ఏం పెట్టింది? లోకాన్ని కాపాడేవి రెండని బుద్ధుడు చెప్పాడు. ఒకటి హిరి, అంటే తప్పు చేయడానికి నాలో నాకే కలిగే సిగ్గు. రెండోది ఒత్తప్ప, అంటే తప్పు వల్ల వచ్చే కీడును చూసి, మంచివాళ్లు వేలెత్తి చూపుతారని తెలిసి జంకడం. ఒకటి లోపలి కాపలా, ఒకటి మనుషుల మధ్య కాపలా. రెండింటిలో ఏదీ లంచం తీసుకోదు.

పంచశీలలో నాలుగోది ముసావాదం, అంటే అబద్ధం, మానుకోవడం. ప్రతి శీలాన్నీ మనం సిక్ఖాపదం అని పలుకుతాం. అంటే నేర్చుకునే మెట్టు. నువ్వు అబద్ధమాడకు అని ఎవరో పైనుంచి ఆజ్ఞాపించడం లేదు. నేను నేర్చుకుంటానని మనమే మన నోటితో పూనుకుంటున్నాం. నేర్చుకునేదానికి సాధన కావాలి. పడితే లేపే తోడు కావాలి. ఆ తోడే సంఘం. నిజాయితీకి దేవుడు అక్కర్లేదు. తోటి మనుషులు, రోజువారీ సాధన మాత్రం తప్పకుండా కావాలి.

రాహులుడి చెంబు

సాధన ఎలా చేయాలో బుద్ధుడు తన కొడుకు రాహులుడికి నేర్పాడు. కాళ్లు కడుక్కున్న చెంబులో కొంచెం నీళ్లు మిగిల్చి, చూశావా అన్నాడు. తెలిసి తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడని మనిషిలో మిగిలిన గుణం అంతే కొంచెం అన్నాడు. ఆ నీళ్లు పారబోశాడు, చెంబు బోర్లించాడు, మళ్లీ తిప్పి ఖాళీ చెంబు చూపించాడు. నవ్వులాటకు కూడా అబద్ధం వద్దన్నాడు. తర్వాత అద్దం దేనికి అని అడిగి, ముఖం చూసుకోవడానికని రాహులుడు చెబితే, అట్లాగే ప్రతి పనినీ చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తర్వాత చూసుకోమన్నాడు. ఇది నాకు కీడా, ఎదుటివారికి కీడా, ఇద్దరికీ కీడా? ఈ లెక్కలో దేవుడి పేరు ఎక్కడా రాలేదు.

అశోకుడు కూడా ఈ పాఠాన్ని మరిచిపోలేదు. రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర దొరికిన శాసనంలో, భిక్షువులూ ఉపాసకులూ తరచుగా వినాల్సిన బోధల జాబితాలో, అబద్ధం గురించి రాహులుడికి చేసిన బోధను చేర్చాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉన్న శాసనంలోనూ తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల పట్ల దయ చూపాలని, సత్యమే పలకాలని చెక్కించాడు. అది రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా మన నేల మీదే ఉంది.

మనకొచ్చే పరీక్ష

ఇంతవరకు విన్నది సులువు. ఇప్పుడు కష్టమైంది చెప్తాను. జనగణన అధికారి మీ గడపకు వచ్చి మతం ఏమిటని అడిగితే మీరేం చెప్తారు?

"బుద్ధుడని రాయిస్తే ఎస్సీ సర్టిఫికెట్ పోతదట, పిల్ల సీటు పోతదట" అని భయపడి చాలామంది పాత మతమే చెప్పేస్తున్నారు. చట్టం ఏమంటుందో తెలుసుకోండి. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మొదట హిందువులకే హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. కాబట్టి మతం దగ్గర బౌద్ధం అని, కులం దగ్గర మీ కులం పేరు చెప్పండి. నిజం చెప్పినందుకు ఎస్సీ హోదా పోదు. ఆ భయానికి కాలం చెల్లి మూడు దశాబ్దాలు దాటింది.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. 1951 జనగణనలో దేశం మొత్తం మీద బౌద్ధులు సుమారు 1 లక్షా 80 వేలు. 1961లో 32 లక్షలు దాటారు. ఆ పెరుగుదలంతా ప్రధానంగా మహారాష్ట్రలో బాబాసాహెబ్ వెంట నడిచినవాళ్లది. అప్పటికి కేంద్రం ఇచ్చే ఎస్సీ హోదాలో బౌద్ధులకు చోటు లేదు. కూలి చేసుకునేవాళ్లు, మిల్లు కార్మికులు, తమకు రావాల్సింది పోతుందని తెలిసీ మేము బౌద్ధులం అని చెప్పారు. చూసి మెచ్చుకునే దేవుణ్ణి వాళ్లు అప్పటికే వదిలేశారు. స్వర్గం ఆశ లేదు. అయినా నిజం చెప్పారు. నిజాయితీ దేని మీద నిలబడుతుందని ఎవరైనా అడిగితే ఈ మనుషులను చూపించండి. 2011 లెక్కల్లో దేశంలోని బౌద్ధులు సుమారు 84 లక్షలైతే, 65 లక్షల మంది మహారాష్ట్రలోనే ఉన్నారు. మన తెలుగు ఊళ్లలో నీలి జెండాలకు కొదవ లేదు. లెక్కలో మనం ఎక్కడున్నాం?

ఇదే సందర్భంలో చర్చికి వెళ్లే మీ బంధువులను వేలెత్తి చూపకండి. ఎస్సీ క్రైస్తవులకు ఆ ఉత్తర్వులో ఇప్పటికీ చోటు లేదు, మన దగ్గర వాళ్లను బీసీ-సీలో ఒక శాతం కింద ఉంచారు. ఆదివారం చర్చిలో ఒక పేరు, కాగితం మీద ఇంకో పేరుతో బతికే కుటుంబాల బాధ డోర్నకల్లో ఎవరికి తెలియదు? నిజం చెప్పినవాడికి నష్టం కలిగే చట్టం ఉన్నప్పుడు ప్రశ్నించాల్సింది చట్టాన్ని. వాళ్ల కోసం కూడా న్యాయం అడగడం మన శీలంలో భాగమే. నిజం అనేది పక్కవాణ్ణి కొట్టే కర్ర కాదు. పలికే మాట నిజమైనదీ, మేలు చేసేదీ, సమయానికి తగినదీ కావాలని తథాగతుడు చెప్పాడు కదా.

ఒట్టు ఎవరి మీద?

మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. "ఒట్టు ఎవరి మీద పెడ్తవ్?" మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో పదవీ ప్రమాణానికి రెండు దారులు పక్కపక్కనే ఉన్నాయి. దేవుడి పేరు మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి పేరు లేకుండా నిష్ఠతో ధ్రువీకరించవచ్చు. కోర్టులో సాక్షికి కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం ఇదే వీలు ఇచ్చింది. ఏ దారిన చెప్పినా మాట విలువ ఒకటే, అబద్ధమాడితే శిక్ష ఒకటే. కాబట్టి మిమ్మల్ని బోనులో నిలబెట్టి దేవుడి మీద ప్రమాణం చేయమంటే గొడవ పడకండి. "నేను ధ్రువీకరించి చెప్తాను అయ్యా" అనండి. అది మీ హక్కు.

చుట్టాలకు మాత్రం నోటితో జవాబు చెప్పి లాభం లేదు. తీసుకున్న అప్పు చెప్పిన తేదీకి కట్టండి. కూలి లెక్క రాసేది మీరైతే, చదువు రాని అవ్వకు చదివి వినిపించి మరీ వేలిముద్ర తీసుకోండి. సంఘం డబ్బు మీ చేతిలో ఉంటే అడగకముందే లెక్క చూపించండి. రాత్రి పడుకునే ముందు రాహులుడి అద్దంలో ఆ రోజు మాటలను ఒకసారి చూసుకోండి. ఎక్కడైనా జారితే మరునాడు పోయి ఆ మనిషితోనే చెప్పండి, హుండీతో కాదు. పున్నమి రోజు విహారంలో కూర్చున్నప్పుడు నాలుగో శీలం దగ్గర ఒక్క క్షణం ఆగి పలకండి.

అట్లా రెండేళ్లు బతికితే అడిగినవాళ్లే పదిమందిలో అంటారు, "వాళ్లు బుద్ధుని మనుషులు, వాళ్ల మాటకు ఒట్టు అక్కర్లేదు" అని.

సకల జీవులకు మంగళం కలుగుగాక.

జై భీమ్! నమో బుద్ధాయ!